యాత్రికుల పొయ్యి

మెల్డ్‌హామ్, సఫోక్
4 మార్చి 1991

చెల్లాయ్ హెస్టర్,

1954 ఈస్టర్ సోమవారం నాడు, మా వంటింటి బల్ల దగ్గర కూర్చుని, నోరా చేసిన కేకు నములుతూ నీ మొగుడు నాకొక మాట ఇచ్చాడు. "వచ్చే ముద్రణలో సరిచేస్తాను బావా, ఒట్టు" అన్నాడు. కేకు పొడి నా చొక్కా మీద పడింది. నోరా పెరట్లో బట్టలు ఆరేస్తోంది. నువ్వు పక్కనే నిలబడి ఉన్నావు.

బేసిల్ బతికున్నన్నాళ్ళూ మన ఊరి మీద అతను రాసిన ఆ పుస్తకం మళ్ళీ మళ్ళీ అచ్చయింది. ప్రతిసారీ మా పెరట్లోని రొట్టెల కొట్టం పదిహేనో శతాబ్దానిదే. బరీ క్షేత్రానికి నడిచి వెళ్ళే యాత్రికుల కోసం అక్కడి పొయ్యిలో రొట్టెలు కాల్చేవారన్న ముక్క కూడా ఎక్కడికీ పోలేదు. ఆ పుస్తకం చూసే కౌన్సిల్ వాళ్ళు మా వీధిని పరిరక్షణ ప్రాంతంలో చేర్చారు, కొట్టాన్ని ముట్టుకోకూడని వాటి జాబితాలోకి ఎక్కించారు. నేను నోరు మూసుకున్నాను. చెల్లెలి మొగుడు, ఊళ్ళో పెద్దమనిషి, పోనీలే అనుకున్నాను.

ఇప్పుడు ఊరుకునే వీల్లేదు. నోరాకి పక్షవాతం వచ్చి ఆరు నెలలైంది. మేడ మీదే ఉంది. మన మెట్ల సంగతి నీకు తెలుసుగా, పొగగొట్టం చుట్టూ మెలి తిరుగుతూ, ఒక మనిషికే చాలని మెట్లు. ఆసుపత్రి వాళ్ళు ఆమెను కుర్చీకి కట్టి ఒకసారి దించి, ఒకసారి ఎక్కించారు. "ఇంకోసారి నన్ను మూటలా మొయ్యనివ్వకు ఆంబ్రోస్" అంది. కింద ముందుగది వీధి కంటే పల్లం, చలికాలం ఇటుకల సందుల్లోంచి నీళ్ళూరతాయి. అందులో పడుకోబెట్టొద్దని డాక్టరు ఖరాఖండిగా చెప్పాడు. స్నానాలగది మేడ మీదే. అందుకని ఇంటి వెనక ఒక గది, స్నానాలగది, తోటలోకి వెడల్పాటి తలుపు కట్టించాలనుకున్నాను. నోరాకి ఉన్న కోరిక ఒక్కటే, మళ్ళీ తన గులాబీల మధ్య కూర్చోవాలని. కట్టడానికి స్థలం ఒక్కచోటే ఉంది. అక్కడ కొట్టం ఉంది.

నీకు తెలిసిందే మళ్ళీ రాస్తున్నాను. నువ్వు కౌన్సిల్‌కి రాయాల్సింది ఇదే కాబట్టి. ఆ కొట్టాన్ని 1937 వేసవిలో నాన్న కట్టాడు. ఆడ్లీ వాళ్ళ ధాన్యం కొట్టు కూల్చేస్తుంటే దాని దూలాలు బండి మీద తెచ్చాడు. నేను మోశాను. పాతగా కనబడాలని నువ్వు తడిగడ్డి కాల్చి పొగబెట్టావు. నాన్న టీ దుకాణానికి ఒక కథ కావలసి వచ్చింది, అంతే. దరఖాస్తు పెట్టినవాడి మాట సాక్ష్యం కాదట. ఆ పని చూసినవాళ్ళలో బతికున్నది నువ్వూ నేనూ.

నోరాకి ఇదేమీ తెలియదు. కాపురానికి వచ్చిన నాటి నుంచీ ఆ కథ నమ్మింది. గది కడతానని చెప్పాను గానీ, ఏది కూలుస్తానో చెప్పలేదు. నువ్వూ చెప్పకు.

వెంటనే రాయి.

ఆంబ్రోస్

*

లడ్‌లో
2 ఏప్రిల్ 1991

అన్నయ్యా,

జవాబు ఆలస్యమైంది, ఏమీ అనుకోకు. ఇక్కడ వాన, గాలి. తోటలో బఠాణీ తీగలకి కట్టిన పుల్లలన్నీ పడిపోయాయి. పిల్లికి కాలు బాగా లేదు.

వదిన గురించి చదివి నిద్ర పట్టలేదు. మెట్ల కుర్చీ పెట్టించలేవా? మా పక్కింటివాళ్ళు పెట్టించారు, మీట నొక్కితే పైకి వెళ్తుంది. మన మెట్లకి కుదరదేమో, చూడు. బరీలో మంచి వృద్ధాశ్రమం ఉందట, తోట కూడా ఉందంటున్నారు. వదిన ఒప్పుకోదని తెలుసు, ఊరికే రాశాను.

నువ్వడిగిన దాని గురించి. అన్నయ్యా, అప్పుడు నాకు పద్నాలుగేళ్ళు. నాన్న ఏదో కట్టాడని గుర్తు. కొత్తగా కట్టాడో, ఉన్నదాన్ని బాగుచేశాడో నేనెలా చెప్పగలను? కౌన్సిల్‌కి రాసి సంతకం పెట్టడమంటే చిన్న విషయమా?

ఇంకో సంగతి. జూన్‌లో చరిత్ర సంఘం వాళ్ళు చదువుగదికి బేసిల్ పేరు పెడుతున్నారు. ఆ పుస్తకం ఇప్పటికీ అమ్ముడవుతోందట. నేను వెళ్ళి తెర తియ్యాలి. ఏ టోపీ పెట్టుకోవాలో తోచక చస్తున్నాను.

వదినకి నా ముద్దులు.

హెస్టర్

*

మెల్డ్‌హామ్
19 మే 1991

హెస్టర్,

గుర్తులేదా? నీ జడలు వారం పాటు పొగవాసన కొట్టాయి. అమ్మ వెనిగర్‌తో తల రుద్దితే కళ్ళు మండి వీధి చివరిదాకా వినబడేట్టు ఏడ్చావు. ఉన్నదాన్ని బాగుచేయడమంటే పొగబెట్టడమా? టోపీ సంగతి మాత్రం బాగా గుర్తుంది నీకు.

మొన్న ప్లానింగ్ ఆఫీసు నుంచి మిస్ ట్రెంచర్డ్ వచ్చింది. పాతికేళ్ళుంటాయి. బూట్లు శుభ్రంగా తుడుచుకుని లోపలికి వచ్చింది, అది నాకు నచ్చింది. టీ ఇస్తే వద్దంది. దరఖాస్తుదారు ఇంట్లో తాగకూడదట. కొట్టంలోకి తీసుకెళ్ళి, నోరా కిటికీ తెరిచి ఉందని గొంతు తగ్గించి చెప్పాను.

"మిస్, ఆ దూలాలు ఎత్తింది నేను. ఇదిగో, ఈ భుజం మీద."

"మిస్టర్ థర్కెటిల్, ఆ దూలాలకి అయిదొందల ఏళ్ళు. చెక్కలో వలయాలు లెక్కపెట్టించాం."

"దూలాలకేనమ్మా. కొట్టానికి కాదు. వేరేచోట కూల్చినవి తెచ్చి ఇక్కడ నిలబెట్టాం."

"మీ ఇబ్బంది నాకు అర్థమవుతోంది. కానీ చెక్క అబద్ధమాడదు కదండీ."

"చెక్క ఆడదు. మా నాన్న ఆడాడు."

పాపం, నవ్వాలో వద్దో తెలియక పెన్సిల్ కొరికింది. "మీరు కాక ఇంకెవరైనా చూసినవాళ్ళుంటే రాయించండి. నేను తప్పకుండా కమిటీ ముందు పెడతాను" అంది. విన్నావా? ఆ పిల్లే దారి చూపిస్తోంది.

సరిగ్గా అప్పుడే మేడ మీద నుంచి నోరా కర్రతో నేల మీద కొట్టి, వంకర తిరిగిన నోటితో కేకేసింది. "ఆంబ్రోస్! ఆ అమ్మాయికి యాత్రికుల కథ చెప్పావా?"

"చెప్తున్నాను" అన్నాను. ఇంకేం చెప్పను?

తరవాత ఆ పిల్ల మేడ ఎక్కి నోరాతో మర్యాదగా మాట్లాడింది. మంచం పక్కన తివాచీ తొలగించి నేలలో ఉన్న పలక తలుపు చూసి మురిసిపోయింది. పాతకాలంలో మెట్ల మీద దిగని శవపేటికల్ని తాళ్ళతో దించడానికి పెట్టిన తలుపు. "ఇంత చెక్కుచెదరకుండా ఎక్కడా చూడలేదు, దీన్ని మాత్రం దయచేసి కదపకండి" అంది. నోరా తివాచీ మళ్ళీ కప్పించి, దాని మీద తన కుట్టుపెట్టె పెట్టించింది.

పక్కింటి మిసెస్ క్వాంట్రిల్ గురించి వినాలి నువ్వు. మంగళవారం జామ్ సీసా పట్టుకొచ్చి గుమ్మంలో నిలబడి, "నోరా ఎలా ఉంది? మీకేం కావాలన్నా నేనున్నాను మిస్టర్ థర్కెటిల్" అంది. బుధవారం కౌన్సిల్‌లో నా దరఖాస్తు మీద వచ్చిన అభ్యంతరాలు చూడబోతే, మొట్టమొదటిది ఆవిడదే. సోమవారమే పంపిందట. జామ్ బాగుంది. నోరా తిన్నది, నేను ముట్టుకోలేదు.

ఈ మధ్య రోమనుల చరిత్ర మళ్ళీ చదువుతున్నాను. చచ్చిన చక్రవర్తి విగ్రహానికి తల తీసేసి కొత్తవాడి తల పెట్టుకునేవాళ్ళు. మనవాళ్ళు అంతకంటే ఘనులు. మొండెం పాతదైతే చాలు, కొత్తగా అతికించిన తలకి కూడా పూజ చేస్తారు.

రాస్తావా రాయవా?

ఆంబ్రోస్

*

లడ్‌లో
16 జూన్ 1991

అన్నయ్యా,

నిన్న బేసిల్ పేరు మీద తెర తీశాను. చప్పట్లు కొట్టారు. ఒక ముసలాయన వచ్చి, "మీ వారి పుస్తకం పట్టుకునే మా ఆవిడా నేనూ పెళ్ళయిన కొత్తలో మెల్డ్‌హామ్ వెళ్ళాం, ఆ పొయ్యి దగ్గర ఫొటో దిగాం" అన్నాడు. నీ ఉత్తరం అప్పుడు నా సంచిలో ఉంది.

బేసిల్‌ని అబద్ధాలకోరు అంటున్నావు. అతను అబద్ధం పుట్టించలేదు. డబ్బులిచ్చి టీ తాగడానికి వచ్చిన కుర్రమాస్టారుకి నాన్న కథ చెప్తే నమ్మాడు. నమ్మింది రాశాడు. నిజం తెలిశాక దిద్దడానికి సిగ్గుపడ్డాడు, ఒప్పుకుంటాను. సిగ్గుపడని మగవాణ్ణి ఒక్కణ్ణి చూపించు. నువ్వు మాత్రం ముప్ఫై ఏళ్ళు ఆ టీ దుకాణం మీద బతకలేదా? నీ ఇంట్లో, నీ పెళ్ళామే కదా వచ్చినవాళ్ళందరికీ ఆ పొయ్యి చూపించింది? అప్పుడు నువ్వెక్కడున్నావు? వెనక గదిలో పుస్తకం చదువుతున్నావు.

ఇంత రాశాక చింపేద్దామనుకున్నాను. చింపను. నాకూ కోపం వస్తుందని నీకు తెలియాలి.

జూలైలో వస్తున్నాను. వదినని చూస్తాను. మిగతాది అప్పుడు మాట్లాడదాం.

హెస్టర్

*

మెల్డ్‌హామ్
22 ఆగస్టు 1991

హెస్టర్,

వచ్చావు. మేడ ఎక్కి తలుపు వేసుకుని, టీ చల్లారిపోయేదాకా నోరాతో కూర్చున్నావు. దిగేటప్పుడు నీ కళ్ళు ఎర్రగా ఉన్నాయి. ఏమంది అంటే, "పాత కబుర్లు" అన్నావు. రాస్తావా అంటే కోటు వేసుకున్నావు. స్టేషన్‌కి నడుస్తున్నంత సేపూ మీ పిల్లి కాలు గురించి చెప్పావు.

నిన్న కమిటీ కూర్చుంది. ప్రజలు వినొచ్చు గానీ నోరెత్తకూడదట. గొర్రెల ఆసుపత్రికి షెడ్డు వేసుకోవడం మీద చాలాసేపు వాదించుకున్నారు. మా వంతు రాగానే అందరూ గడియారం చూసుకున్నారు. మిస్ ట్రెంచర్డ్ నిలబడి, "దరఖాస్తుదారు చెబుతున్న సంగతిని బలపరిచే సాక్ష్యం మాకు అందలేదు" అంది. ఆ మాట అంటూ నా వైపు చూసింది. నేను తల దించుకున్నాను, నీ తరఫున. చేతులెత్తారు. తిరస్కరించారు. ప్రజల జ్ఞాపకంలో ఆ కట్టడానికి ఉన్న స్థానం దృష్ట్యా అని కారణం రాశారు. మంచం మీద ఉన్న మనిషి ప్రజల్లో లెక్క కాదు కాబోలు.

బయటికి రాగానే మిసెస్ క్వాంట్రిల్ నా చెయ్యి పట్టుకుంది. "నా అభ్యంతరం గది మీదేనండీ, మీ మీద కాదు. మనసులో పెట్టుకోకండి. రేపు ప్లమ్ పళ్ళ కేకు చేసి తెస్తాను."

"తీసుకురండి" అన్నాను. "నోరా కిటికీలోంచి బుట్ట దించుతాను, అందులో పెట్టండి. మెట్లెక్కే శ్రమ మీకెందుకు?"

ఆమెకి అర్థం కాలేదు. ఇవాళ నిజంగానే బుట్ట కోసం వచ్చింది.

అప్పీలుకి ఇంకా గడువుంది. నీ సంతకం ఒక్కటి చాలు. వేసవి అయిపోతోంది, ఒక్కరోజు కూడా నోరా తోటలోకి రాలేదు. గులాబీలు కోసి పైకి పట్టుకెళ్తుంటే, "కొయ్యకు, అక్కడే ఉండనీ, నేనొచ్చి చూస్తాను" అంటోంది. చచ్చినవాడి పేరు చదువుగది గోడ మీద నిలబడాలని బతికున్న మనిషిని మేడ మీద పెట్టావు. ఇంతకంటే మెత్తగా రాయడం నాకు రాదు.

ఆంబ్రోస్

*

లడ్‌లో
9 సెప్టెంబర్ 1991

అన్నయ్యా,

నేను రాయలేను. బేసిల్ కోసం కాదు. ఎందుకని అడగకు. నన్ను తిట్టుకో, పడతాను. వదిన దగ్గర మాత్రం ఈ మాట ఎత్తకు.

హెస్టర్

*

మెల్డ్‌హామ్
14 నవంబర్ 1991

హెస్టర్,

నోరా సోమవారం తెల్లవారుజామున పోయింది. నిద్రలోనే.

పెట్టె మెట్ల మీద దిగలేదు. పట్టుకొచ్చినవాళ్ళు ఒక మలుపు ప్రయత్నించి, నా మొహం చూశారు. నేనే తివాచీ తీశాను. కుట్టుపెట్టె పక్కన పెట్టాను. పలక తలుపు ఎత్తితే కీచుమని కూడా అనలేదు, ఎంత బాగా చేశారో. తాళ్ళు కట్టి దించారు. నేను కింద నిలబడి చేతులు చాచాను. అలా వచ్చింది కిందికి. ఇంట్లో ఒక్క ఇటుక కదలలేదు. కౌన్సిల్ వాళ్ళు చూస్తే సంతోషించేవాళ్ళు.

పెట్టెని వీధి వైపు తిప్పారు. నేను వద్దన్నాను. పెరట్లోకి తీసుకెళ్ళి గులాబీల దగ్గర కాసేపు ఉంచాం. పూలు లేవు, ముళ్ళే. కొట్టం పక్కనే ఉంది.

అంత్యక్రియలు వచ్చే గురువారం చర్చిలో. వస్తే రా, లేకపోతే మానెయ్యి.

ఆంబ్రోస్

*

లడ్‌లో
8 డిసెంబర్ 1991

అన్నయ్యా,

చర్చిలో నా పక్కనే కూర్చుని కూడా నువ్వు నాతో మాట్లాడలేదు. నేను చెయ్యి చాస్తే ప్రార్థన పుస్తకం అందించావు. అందుకని ఉత్తరమే రాస్తున్నాను. ఇప్పుడు చెప్పొచ్చు. ఎవరికి మాట ఇచ్చానో ఆమె లేదు.

జూలైలో నేను మేడ ఎక్కగానే వదిన మొదట అడిగింది ఇదే: "హెస్టర్, ఆంబ్రోస్ నిన్నేం రాయమంటున్నాడు?" నేను నసిగాను. వదిన నవ్వింది, సగం మొహంతో.

"నాకు తెలుసే పిల్లా. కాపురానికొచ్చిన అయిదో ఏడే తెలుసు" అంది.

టీ దుకాణం నడుపుతున్న రోజుల్లో ఒకసారి పొయ్యి ఎడమపక్క ఇటుకలు కదిలాయట. నువ్వు ఊళ్ళో లేవు. తనే సున్నం కలుపుకుని అతికించబోతే లోపల సందులో ఇటుక కింద మన నాన్న పొగాకు డబ్బా మూత కనబడింది, ఇటుక కుదురుగా కూర్చోవడానికి నాన్న పెట్టినది. దాన్ని చూడగానే మొత్తం అర్థమైందట. మళ్ళీ అక్కడే పెట్టి, అతికించి, సాయంత్రం వచ్చినవాళ్ళకి ఎప్పటిలాగే యాత్రికుల కథ చెప్పిందట.

"అన్నయ్యకి చెప్పలేదేం వదినా?" అన్నాను.

"ఎలా చెప్పను? నాకు తెలియదనుకుని ఆయన హాయిగా ఉన్నాడు. తెలిసీ ఆ కథ చెప్తున్నానంటే నా మొహం చూడలేకపోయేవాడు" అంది.

తరవాత నా చెయ్యి పట్టుకుంది, బాగున్న చేత్తో. "ఊళ్ళో ప్రతి పిల్లకీ ఆ పొయ్యి నేనే చూపించాను హెస్టర్. టీచర్లు వరసలో నిలబెట్టి తీసుకొచ్చేవాళ్ళు. ఇప్పుడు నువ్వు రాస్తే, నోరా థర్కెటిల్ మనందరికీ అబద్ధం చెప్పిందంటారు. మిసెస్ క్వాంట్రిల్ జాలిపడుతుంది. నేను మేడ మీదే ఉంటాను, నాకేం ఫరవాలేదు. ఆంబ్రోస్‌తో అనకు" అంది.

ఒట్టు వేయించుకుంది. వేశాను. చేసింది తప్పో ఒప్పో నాకు తెలియదు. నీ ఉత్తరాలన్నీ దాచాను. తిట్లున్నవి కూడా.

చెల్లెలు
హెస్టర్

*

మెల్డ్‌హామ్
11 జనవరి 1992

హెస్టర్,

నీ ఉత్తరం క్రిస్మస్ దాటేదాకా బల్ల మీదే పెట్టుకున్నాను. నిన్న ఉలి పట్టుకుని కొట్టంలోకి వెళ్ళాను. పొయ్యి నోటికి ఎడమపక్క, మోకాలి ఎత్తున సున్నం రంగు తేడాగా ఉంది. అన్నేళ్ళు దాని ముందు నిలబడి ఎప్పుడూ చూడలేదు. ఇటుక తేలిగ్గానే వచ్చింది.

మూత ఉంది. ఎరుపు ఇంకా వెలిసిపోలేదు. దాని మీద పట్టాభిషేకం బొమ్మ, రాజూ రాణీ, కింద అచ్చులో 1937. ఆ ఏడాది దేశమంతా అమ్మిన డబ్బా. పదిహేనో శతాబ్దపు యాత్రికుడు ఎవడూ ఆ పొగాకు తాగి ఉండడు.

తీసుకెళ్ళి మిస్ ట్రెంచర్డ్ బల్ల మీద పెట్టాను. ఎక్కడ దొరికిందో చెప్పాను. ఆ పిల్ల దాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది. "మిస్టర్ థర్కెటిల్, ఇది ముందే..." అని ఆగిపోయింది. ఆమె నోరా అంత్యక్రియలకి వచ్చి వెనక వరసలో నిలబడింది, నువ్వు గమనించావో లేదో. ఇప్పుడు కావాలంటే కొట్టం కూల్చుకోవడానికి మళ్ళీ దరఖాస్తు పెట్టొచ్చట. ఎవరి కోసం?

బేసిల్‌ని ముప్ఫై ఏడేళ్ళు తిట్టుకున్నాను. వదిలేశాను, చదువుగది ఉంచుకోమను. మిసెస్ క్వాంట్రిల్ నిన్న కూడా ఏదో గిన్నెలో తెచ్చింది, పుచ్చుకున్నాను. నీ మీద కోపం లేదు. ఒట్టు నిలబెట్టుకున్నది మన కుటుంబంలో నువ్వొక్కదానివే.

నువ్వేం రాయబోతున్నావో నాకు తెలుసు. నేను కూడా ఆమెకి చెప్పలేదు కదా అంటావు. నేను చెప్పనిది ఆమె కథ ఆమెకి మిగలాలని. రెండూ ఒకటి కాదు హెస్టర్. నా చేతిలో మాటలే తప్ప ఏమీ లేవు, ఎవరూ నమ్మలేదు. ఆమెకి ఆ మూత ఎక్కడుందో తెలుసు. నేను రోజూ కింద నిలబడి, గొంతు తగ్గించి, పరాయివాళ్ళని బతిమాలుతుంటే కిటికీలోంచి వింటూనే ఉంది. కర్రతో నేల మీద ఒక్కసారి కొట్టి, ఎడమపక్క ఇటుక తియ్యి అంటే చాలు. జూన్‌కల్లా గోడలు లేచేవి. ఆగస్టులో గులాబీల దగ్గర కూర్చునేది. నా పక్కన.

నలభై అయిదేళ్ళు ఒకే బల్ల దగ్గర ఎదురెదురుగా తిన్నాం. రొట్టె అందించమంటే అందించింది, ఉప్పు అందించమంటే అందించింది. ఈ ఒక్కటీ అందించలేదు.

అందర్నీ క్షమించగలను, వయసైపోయింది, ఓపిక లేదు. ఒక్క మనిషిని మాత్రం క్షమించలేకపోతున్నాను.

నోరాని.

ఆంబ్రోస్